బండెనక బండి కట్టి: ఆ పాట రాసింది ఎవరు?

మాది ఆలూర్. ఆర్మూర్ పక్కనే. పసుపు ఎక్కువగా పండించే ఊళ్లలో మాది ఒకటి. ఈ ఎపిసోడ్ పాటల గురించే అయినా, నాకు ఈ ఆలోచన వచ్చింది మాత్రం పసుపు ఉడకబెట్టే దగ్గర.

పోయిన సీజన్‌లో ఒకరోజు రాత్రి కళ్లం దగ్గర పసుపు ఉడుకుతోంది. పొగ, ఆవిరి, వెనకాల ఎర్రగా మంట. చూడ్డానికి మంచిగ అనిపించి ఫోన్ తీసి వీడియో చేశాను. వెనకాల పాట ఏం పెడదామని ఆలోచిస్తే ముందు గుర్తొచ్చింది "బండెనక బండి కట్టి". పెట్టేశాను. కింద "గద్దరన్న రాసిన పాట" అని రాసి స్టేటస్ వేశాను. పది నిమిషాల్లో లైకులు, హార్ట్‌లు.

తెల్లారి మా ఇంటి దగ్గర ఉండే ఒక పెద్దాయన పిలిచాడు. వాళ్ల మనవడి ఫోన్‌లో నా స్టేటస్ చూసిండట.

"ఏం పిల్లగా, ఆ పాట గద్దర్ రాసిండని పెట్టినవు?"

"అవును తాతా, ఆయనదే కదా?"

"పాడింది ఆయన. రాసింది ఆయన కాదు. యాదగిరి రాసిండు."

"ఏ యాదగిరి తాతా?"

"బండి యాదగిరి. పోరాటంల పానం పోయింది ఆయనకు. మీరు పేరు గూడ తీసేస్తే ఎట్ల?"

ఆయన కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. కానీ ఆ చివరి మాట నాకు రోజంతా తిరిగింది. చిన్నప్పటి నుంచి విన్న పాట. స్కూల్ ఫంక్షన్లలో విన్నా, తెలంగాణ ఉద్యమం టైంలో విన్నా, డీజే మిక్స్‌లో కూడా విన్నా. రాసిన మనిషి పేరు మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఈరోజు అదే మాట్లాడుకుందాం. ఒక పాట ఎవరిది అని ఎట్లా తేలుతుంది? పేరు ఎక్కడ తప్పిపోతుంది?

పాట పుట్టిన కాలం

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1940లలో మన తెలంగాణ హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. పైన నిజాం, ఊళ్లలో దొరలు, దేశ్‌ముఖ్‌లు. కూలీ ఇవ్వకుండా పని చేయించుకునే పద్ధతిని వెట్టి అనేవాళ్లు. పంట మీద లెవీ, భూముల మీద ఆక్రమణ. దాని మీద ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టులు ఊరూరా సంఘాలు పెట్టారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపారు. ఆ తర్వాత పోరాటం ఆయుధాల దాకా పోయింది. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయినా పోరాటం ఆగలేదు. 1951 అక్టోబర్‌లో విరమించారు.

ఆ రోజుల్లో జనం దగ్గర పేపర్ లేదు, రేడియో లేదు. చదువు వచ్చినవాళ్లు ఊరికి ఎందరో వేళ్ల మీద లెక్క పెట్టొచ్చు. మరి విషయం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్లా పోవాలి? పాటలో పోవాలి. బుర్రకథలో పోవాలి. గొల్ల సుద్దుల్లో పోవాలి. జనానికి ముందే తెలిసిన బాణీలు తీసుకుని కొత్త మాటలు కట్టారు. పొలంలో ఒకసారి వింటే సాయంత్రానికి నోటికి వచ్చేయాలి. అట్లా కట్టిన పాటల్లో ఒకటి "బండెనక బండి కట్టి". బండ్ల వరసతో ఆర్భాటంగా వచ్చే పాలకుడిని ఎదురుగా నిలబెట్టి, ఏకవచనంలో అడిగే పాట అది. దొర ఎదురుగా తల ఎత్తని కాలంలో "కొడకా" అని పిలవడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

దాన్ని కట్టిన మనిషి బండి యాదగిరి. పేద మనిషి, పోరాటంలో ఉన్న మనిషి, అందులోనే ప్రాణం పోగొట్టుకున్న మనిషి. పాట బతికింది, ఆయన లేడు.

సినిమాతో పేరు మారింది

ఇప్పుడు ముప్పై ఏళ్లు ముందుకు రండి. 1979. "మా భూమి" అనే సినిమా తయారైంది. డైరెక్టర్ గౌతమ్ ఘోష్, బెంగాలీ ఆయన, ఇదే ఆయన మొదటి ఫీచర్ సినిమా. వెనకుండి నడిపించినవాళ్లలో ముఖ్యుడు బి. నర్సింగరావు. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన "జబ్ ఖేత్ జాగే" అనే నవల. విషయం తెలంగాణ సాయుధ పోరాటమే.

ఆ సినిమాలో యాదగిరి పాట పెట్టారు. తెర మీద కనిపించి పాడింది గద్దర్. అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, ఊరు తూప్రాన్. అప్పటికే జన నాట్య మండలితో ఊరూరా తిరిగి పాడుతున్న మనిషి. ఆ గొంతు, ఆ ఊపు చూసినవాళ్లు మర్చిపోలేదు. సినిమా హాల్లో పాట విని బయటికి వచ్చినవాళ్ల మనసులో మిగిలింది ఆ ముఖమే. ముప్పై ఏళ్ల కింద చనిపోయిన యాదగిరి ముఖం ఎవరికి తెలుసు?

అప్పటి నుంచి "గద్దర్ పాట" అనే మాట మొదలైంది. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది చూడండి. "గద్దర్ పాట" అంటే గద్దర్ పాడిన పాట అనీ అర్థం వస్తుంది, గద్దర్ రాసిన పాట అనీ అర్థం వస్తుంది. మాట్లాడేటప్పుడు మొదటి అర్థంతో అంటాం. వినేవాడు రెండో అర్థంతో తీసుకుంటాడు. వాడు ఇంకొకడికి చెప్పేటప్పుడు "గద్దర్ రాసిండు" అంటాడు. నేను స్టేటస్‌లో చేసింది కూడా ఇదే.

ఒక విషయం మాత్రం క్లియర్‌గా చెప్పాలి. దీంట్లో గద్దర్ దొంగతనం ఏమీ లేదు. ఆయనకు సొంత పాటలు లేక కాదు. "అమ్మా తెలంగాణమా" ఆయనదే. "పొడుస్తున్న పొద్దు మీద" ఆయనదే. యాదగిరి పాట చనిపోకుండా మన దాకా వచ్చిందంటే అందులో గద్దర్ గొంతుది పెద్ద పాత్ర. ఆయన పాడకపోయి ఉంటే నేను కళ్లం దగ్గర వీడియోకు ఆ పాట పెట్టేవాడినే కాదు. పాట బతికించిన మనిషికి ఒక గౌరవం ఉంటుంది, పుట్టించిన మనిషికి ఇంకో గౌరవం ఉంటుంది. ఒకరికి ఇవ్వడానికి ఇంకొకరిది తీయాల్సిన పని లేదు.

ఇలాంటిదే ఇంకోటి. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" అనే పాటను కూడా చాలామంది గద్దర్ ఖాతాలో వేస్తారు. అది రాసింది వంగపండు ప్రసాదరావు. ఉత్తరాంధ్ర మనిషి, 2020 ఆగస్టు 4న చనిపోయారు. ఆ పాటలో వినిపించే యాస కూడా విజయనగరం, శ్రీకాకుళం వైపుదే. కొంచెం చెవి పెట్టి వింటే పాటే చెప్తుంది తాను ఏ నేల మీద పుట్టిందో.

మన నిజామాబాద్ జైలు గోడ

ఒకే పోరాటం, ఒకే కాలం. కొందరి పేర్లు గట్టిగా నిలబడ్డాయి, కొందరివి జారిపోయాయి. ఎందుకు? దీనికి జవాబు మన జిల్లాలోనే దొరుకుతుంది.

నిజామాబాద్ ఖిల్లా తెలుసు కదా. గుట్ట మీద రామాలయం ఉంటుంది. అక్కడే ఒకప్పుడు జైలు ఉండేది. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను అక్కడ బంధించారు. ఆయన జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. నిజాంను తిడుతూ రాసిన పద్యాలు. జైలు వాళ్లు చెరిపేసేవాళ్లు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఉన్నాడు. దాశరథి పద్యాలను ఆయన బట్టీ పట్టి గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత 1949లో దాశరథి పుస్తకం "అగ్నిధార" వచ్చింది. దాన్ని ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు.

గమనించండి. దాశరథికి కూడా మొదట ఉన్నది బొగ్గు, గోడ మాత్రమే. కానీ ఆయనకు చదువు ఉంది, పక్కన గుర్తు పెట్టుకునే స్నేహితుడు ఉన్నాడు, బయటికి వచ్చాక అచ్చు వేసే వీలు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా ఆయన ప్రాణాలతో బయటికి వచ్చాడు. పుస్తకం అట్ట మీద పేరు పడింది. పేరు పడ్డాక ఇక ఎవరూ "ఇది ఎవరిది" అని అడగలేదు.

యాదగిరికి ఇవేవీ లేవు. ఆయన పాట గోడ మీద కాదు, మనుషుల నోళ్ల మీద ఉంది. నోటి మీద ఉన్న పాటకు అట్ట ఉండదు. పైగా పోరాటం నడుస్తున్నప్పుడు "ఈ పాట ఫలానా ఊరి ఫలానా మనిషి కట్టాడు" అని చెప్పుకుంటూ తిరిగితే ఆ మనిషిని పట్టించినట్టే. పేరు చెప్పకపోవడమే అప్పుడు క్షేమం. తర్వాత క్షేమంగా చెప్పుకునే రోజులు వచ్చేసరికి చెప్పుకోవడానికి ఆయన లేడు.

ఇంగ్లండ్‌లో ఒక రాక్ బ్యాండ్

ఇదంతా మన దగ్గర పేదరికం వల్ల, చదువు లేకపోవడం వల్ల మాత్రమే జరిగింది అనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్‌లో స్టూడియోలో, కంపెనీల మధ్య, కాగితాల మీద సంతకాలు పెట్టుకునే చోట కూడా ఇదే జరిగింది. ఆ కథ చెప్తా.

1964. న్యూక్యాసిల్ అనే ఊరి నుంచి వచ్చిన ఒక బ్యాండ్, పేరు ది యానిమల్స్. ఐదుగురు కుర్రాళ్లు. ఎరిక్ బర్డన్ పాడతాడు, హిల్టన్ వాలెంటైన్ గిటార్, అలన్ ప్రైస్ ఆర్గన్, చాస్ చాండ్లర్ బేస్, జాన్ స్టీల్ డ్రమ్స్. మే నెలలో లండన్‌లో "ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్" అనే పాట రికార్డు చేశారు. నాలుగు నిమిషాలు దాటిన పాట. అప్పట్లో సింగిల్ అంటే మూడు నిమిషాల లోపే ఉండేది. అయినా ఆ ఏడాదే ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. ఆ గిటార్ మొదలు వింటే మీలో చాలామంది గుర్తు పడతారు. గిటార్ నేర్చుకునే పిల్లలకు ఈరోజుకీ మొదట్లో నేర్పే ముక్కల్లో అదొకటి.

రికార్డు లేబుల్ మీద ఏం రాశారు? సంప్రదాయ పాట, కూర్పు అలన్ ప్రైస్. ఒక్క పేరు. మిగతా నలుగురూ లేరు. ఐదు పేర్లు వేయడానికి లేబుల్ మీద చోటు చాలదని ఒక్క పేరు వేశారని బ్యాండ్ వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అది చిన్న విషయంలా అనిపించింది అప్పుడు. కానీ ఆ ఒక్క పేరుకే రాయల్టీ డబ్బులు వెళ్లాయి. 1965లో ప్రైస్ బ్యాండ్ వదిలేశాడు. ఆ పాటకు గుర్తింపు తెచ్చిన గిటార్ వాయించిన వాలెంటైన్‌కు దాంట్లో వాటా లేదు. ఈ బాధను మిగతావాళ్లు ఏళ్ల తరబడి బయట చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇంకా అసలు మాట ఉంది. ఆ పాట ఆ ఐదుగురిది కూడా కాదు. 1962లో బాబ్ డిలన్ తన మొదటి ఆల్బమ్‌లో పాడాడు. డిలన్ వాడిన కూర్పు అతని స్నేహితుడు డేవ్ వాన్ రాంక్‌ది. తాను రికార్డు చేద్దామని పెట్టుకున్న కూర్పును ముందే వాడేశాడని వాన్ రాంక్ బాధపడ్డాడు. ఆయన ఆ పాట పాడితే జనం "డిలన్ పాట పాడుతున్నావా" అనడం మొదలుపెట్టారు. యానిమల్స్ హిట్ కొట్టాక డిలన్‌కు కూడా అదే గతి. డిలన్ పాడితే "యానిమల్స్ పాట పాడుతున్నావా" అన్నారు. మన "గద్దర్ పాట" లెక్క అక్కడ కూడా ఇట్లనే నడిచింది.

ఇంకా వెనక్కి పోదాం. 1937లో అలన్ లోమాక్స్ అనే ఆయన రికార్డింగ్ మెషిన్ వేసుకుని జానపద పాటలు సేకరిస్తూ కెంటకీ రాష్ట్రంలో తిరిగాడు. మిడిల్స్‌బరో అనే బొగ్గు గనుల ఊళ్లో జార్జియా టర్నర్ అనే 16 ఏళ్ల అమ్మాయి ఆ పాట పాడితే రికార్డు చేశాడు. గని కార్మికుల మధ్య పెరిగిన పేద పిల్ల. లోమాక్స్ తన పుస్తకంలో ఆమె పేరు రాశాడు. కానీ ప్రపంచమంతా ఆ పాట అమ్ముడుపోయాక ఆమెకు దక్కింది చాలా కొంచెం. ఆమె కూడా దాన్ని పుట్టించలేదు. అంతకు ముందే, 1933లో, క్లారెన్స్ యాష్లీ, గ్వెన్ ఫోస్టర్ రికార్డు చేశారు. యాష్లీ తన తాత దగ్గర నేర్చుకున్నానన్నాడు. మొదట కట్టిన మనిషి ఎవరో చివరికి తేలలేదు.

ఇప్పుడు రెండు కథలు పక్కన పెట్టి చూడండి. అక్కడ మొదటి మనిషి పేరు ఎవరికీ తెలియదు, కాబట్టి చివరికి లేబుల్ మీద చోటు ఉన్న పేరు నిలబడింది. మన పాట సంగతి అంతకంటే మెరుగు. మన దగ్గర మొదటి మనిషి పేరు ఉంది. ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు, పోరాట సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. తెలిసిన పేరును కూడా మనం రాయకపోతే అది చరిత్ర తప్పు కాదు, మన తప్పు.

తండ్రి, కొడుకు, రెండు పాటలు

"మా భూమి"లోనే ఇంకో పాట ఉంది, "పల్లెటూరి పిల్లగాడా". పశువులు కాసే పసివాడి బాధ. అది సుద్దాల హనుమంతు రాసింది. ఆయన కూడా అదే పోరాటపు మనిషే, నల్లగొండ వైపు. కానీ ఆయన 1982 దాకా బతికాడు. తన పాటలు తనే పాడి, తనే చెప్పుకోగలిగాడు. ఆ తర్వాత ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా రచయిత అయ్యాడు, నాన్న పాటల గురించి ప్రతి చోటా చెప్పాడు. అందుకే హనుమంతు పేరు చెక్కుచెదరలేదు. యాదగిరి తరఫున అట్లా గొంతెత్తే మనిషి సినిమాల్లో, టీవీల్లో లేకపోయాడు.

అశోక్ తేజ గారి పాటల్లోనే మనకు రెండు మంచి ఉదాహరణలు దొరుకుతాయి.

ఒకటి, 2003లో వచ్చిన "ఠాగూర్"లో "నేను సైతం". ఆ పాటకు ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. మొదలు శ్రీశ్రీది, "మహాప్రస్థానం"లోని "జయభేరి" కవిత నుంచి తీసుకున్నది. మిగతాది అశోక్ తేజ గారిది. దీని మీద ఎవరికీ అయోమయం లేదు. ఎందుకంటే శ్రీశ్రీ పుస్తకం లక్షల ఇళ్లలో ఉంది. ఏ ముక్క ఎవరిదో ఎవరైనా పుస్తకం తెరిచి చూసుకోవచ్చు.

రెండోది, 2021లో వచ్చిన "లవ్ స్టోరీ"లో "సారంగ దరియా". మీ అందరి ఫోన్లలో మోగిన పాటే. పల్లవి జానపదం నుంచి తీసుకున్నానని, చరణాలు తాను రాశానని ఆయన చెప్పారు. అప్పటికే ఆ జానపద పాటను సేకరించి టీవీలో పాడిన ఒక గాయని తన సంగతి ఏమిటని అడిగారు. పెద్ద చర్చ నడిచింది. అక్కడ పుస్తకం లేదు కదా! అమ్మమ్మల నోట్లో నుంచి వచ్చిన పాట. దాన్ని వెతికి పట్టుకున్న మనిషి కష్టానికి ఏ పేరు పెట్టాలి? ఆమె రచయిత కాదు. అట్లని ఏమీ కానట్టు కూడా కాదు. అదే రచయిత, అదే పద్ధతి. ఒకచోట గొడవ లేదు, ఇంకోచోట వచ్చింది. తేడా అంతా అచ్చులో పేరు ఉందా లేదా అన్నదే.

చట్టం ఏమంటుంది

కొంచెం చట్టం కూడా చూద్దాం, రీల్స్ చేసేవాళ్లకు పనికొస్తుంది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం నడుస్తోంది. రాసిన మనిషి బతికినంత కాలం, చనిపోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. యాదగిరి చనిపోయింది పోరాట కాలంలో. అంటే ఆ మాటల మీద కాపీరైట్ ఎప్పుడో ముగిసింది. ఎవరైనా పాడుకోవచ్చు. కానీ "మా భూమి"లో ఉన్న ఆడియో వేరే సంగతి. రికార్డింగ్‌కు అది విడుదలైన తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాట వేరు, రికార్డింగ్ వేరు. ఇది గుర్తు పెట్టుకోండి.

2012లో ఈ చట్టాన్ని సవరించారు. అంతకు ముందు సినిమాకు పాట రాసినవాళ్లు ఒకసారి డబ్బు తీసుకుంటే చాలాసార్లు అంతటితో అయిపోయేది. సవరణ తర్వాత సినిమా హాలు బయట పాట వాడిన చోట రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా ఉండాలి. దాన్ని వదులుకునేట్టు రాయించుకోవడం కుదరదు. దీని కోసం రాజ్యసభలో గట్టిగా మాట్లాడినవాళ్లలో జావేద్ అఖ్తర్ ఒకరు.

అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, "ఇది నేను రాసింది" అని చెప్పుకునే హక్కు మాత్రం రచయిత దగ్గరే ఉంటుంది. డబ్బు హక్కు వేరు, పేరు హక్కు వేరు అని చట్టమే ఒప్పుకుంది. యాదగిరి విషయంలో ఇప్పుడు డబ్బు ప్రశ్న లేదు. మిగిలింది పేరు ఒక్కటే.

జనం పాట అయితే పేరెందుకు?

ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు మీరు. మా దోస్త్ కూడా అడిగాడు. "అన్నా, అది జనం పాట. జనం పాడుకుంటూ మార్చుకున్నారు, కలుపుకున్నారు. ఒక్క మనిషి పేరు పెట్టుడు ఎందుకు?"

మంచి ప్రశ్నే. నోటి నుంచి నోటికి తిరిగిన పాటలో చాలామంది చెయ్యి ఉంటుంది, నిజమే. బాణీ జనానిది. చరణాలు ఊరు ఊరికి మారతాయి. "మా భూమి"కి సంగీతం చేసినవాళ్లలో ఉన్న వింజమూరి సీతాదేవి కూడా జానపద పాటలు సేకరించిన మనిషే. ఇంతమంది చేతులు పడ్డాయి. అయినా ఒక మాట అడుగుతా. జనం పాట అంటాం, మరి ఆ జనంలో యాదగిరి లేడా? దాశరథి పద్యం కూడా జనమే బట్టీ పట్టి కాపాడారు, దాన్ని మాత్రం జనం పద్యం అనలేదు కదా. చదువుకున్న కవి రాస్తే పేరుతో పిలుస్తాం. పేద మనిషి కడితే "జనం పాట" అని కలిపేస్తాం. ఆ తేడా మంచిది కాదు అని నా అభిప్రాయం.

మా దగ్గర పసుపు రైతులకు ఇది తొందరగా అర్థమవుతుంది. మంచి ధర కోసం ఇక్కడి రైతులు ఎన్నో ఏళ్లుగా మహారాష్ట్రలో సాంగ్లీ మార్కెట్ దాకా పసుపు మోసుకుపోయారు. అక్కడ అమ్ముడుపోయి బస్తాలు కలిసిపోయాక అది ఆలూర్ పసుపా, అంకాపూర్ పసుపా, ఇంకెక్కడిదా అని ఎవరూ అడగరు. సాంగ్లీ నుంచి వచ్చింది అంటారు, అంతే. పండించినోడి ఊరు పోయి, అమ్మిన మార్కెట్ పేరు మిగులుతుంది. కుప్ప మీద చీటీ ఉన్నంతసేపే అది ఎవరిదో తెలుస్తుంది. చీటీ తీసేశాక నాణ్యత మారదు, రంగు మారదు. మనిషి మాత్రం కనిపించకుండా పోతాడు.

పాటకు చీటీ అంటే క్యాప్షన్. అంతకంటే పెద్ద పని ఏమీ లేదు. వీడియో పెట్టేటప్పుడు నాలుగు ముక్కలు వేరువేరుగా రాయండి. రాసింది ఎవరు, బాణీ ఎవరిది, పాడింది ఎవరు, ఎక్కడి నుంచి తీసుకున్నారు. జానపదం అయితే "జానపదం" అని రాసి, మీకు పాడి వినిపించిన మనిషి ఊరు పేరు రాయండి. ఆ మనిషి ఒప్పుకుంటే పేరు కూడా రాయండి. రచయిత ఎవరో మీకు తేలకపోతే ఫేమస్ అయిన పేరు తగిలించకండి. ఖాళీగా వదిలేయడం నయం. ఖాళీ ఉంటే ఎవరో ఒకరు నింపుతారు. తప్పు పేరు ఉంటే ఎవరూ వెతకరు.

ఇంకోటి. మీ ఊళ్లో 70, 80 ఏళ్లవాళ్లు ఉంటారు. నాట్లేసేటప్పుడు, పసుపు తవ్వేటప్పుడు పాడిన పాటలు వాళ్లకు ఇంకా గుర్తుంటాయి. ఫోన్ అందరి దగ్గరా ఉంది. లోమాక్స్ 1937లో బండెడు బరువు మెషిన్ మోసుకుని తిరిగాడు, మనకు జేబులో ఉంది. రికార్డు చేసే ముందు ఆ పెద్దమనిషి తన పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పమనండి. ఆ అర నిమిషం కట్ చేయకండి. తర్వాత కాలంలో పాటకంటే ఆ అర నిమిషమే ఎక్కువ అవసరం పడొచ్చు.

నేను ఆ స్టేటస్ 24 గంటలు కాకముందే తీసేసి మళ్లీ పెట్టాను. అదే వీడియో, అదే పాట. కింద ఇట్లా రాశాను: రచన బండి యాదగిరి, పాడింది గద్దర్, సినిమా "మా భూమి", 1979. ఈసారి లైకులు కొంచెం తక్కువే వచ్చాయి, రెండోసారి కదా. కానీ ముగ్గురు "యాదగిరి ఎవరు?" అని అడిగారు. ఆ ముగ్గురికీ చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను.

సాయంత్రం తాత దగ్గరికి వెళ్లి ఫోన్ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివిండు. "ఆఁ, ఇప్పుడు సక్కగున్నది" అన్నాడు. తర్వాత ఫోన్ నా చేతికి ఇచ్చి, "ఇంకో పాట ఉన్నది, రాసుకుంటవా?" అని అడిగాడు. రికార్డు నొక్కాను. ముందు పేరు చెప్పు తాతా అన్నాను.

మీ ఊళ్లో కూడా ఇలాంటి పాట ఉంటే, పాడిన మనిషి ఊరు, నేర్పిన మనిషి పేరుతో సహా రాసి పంపండి.